రెండు బాణాల మెసేజ్: ఇస్నాపూర్ మందుల షాపు డైరీ నుంచి

29 ఫిబ్రవరి 2020, శనివారం

నిన్న హైదరాబాద్‌లో మంత్రులు స్టేజీ ఎక్కి చికెన్ తిన్నారు. కేటీఆర్, ఈటల రాజేందర్, తలసాని శ్రీనివాస్ యాదవ్ ముక్కను కెమెరాలకు చూపించి మరీ కొరికారు. కోడి తింటే కరోనా వస్తుందని వాట్సాప్‌లో తిరుగుతున్న మాటకు అది జవాబు. మా పక్క షట్టర్ చికెన్ సెంటరాయన టీవీ ముందు నుంచి లేవలేదు. "మంత్రులే తిన్నరు గదన్నా, ఇగ గిరాకీ వస్తది" అన్నాడు. ఇవాళ రాలేదు. శనివారం కాబట్టి రాలేదో, మెసేజ్‌కు భయపడి రాలేదో రేపు ఆదివారం తేలుతుంది.

ఆ మెసేజ్ నాకూ వచ్చింది. రోగమొచ్చిన కోడి ఫొటో, కింద ఎవరూ వినని ఆసుపత్రి పేరు, చివర్లో మీ వాళ్ళందరికీ పంపండి అని. పంపింది మా చిన్నబావ. మంత్రి టీవీలో చెప్పాడు, బావ ఫోన్‌లో చెప్పాడు. ఇంట్లో ఎవరి మాట నెగ్గుతుందో తెలిసిందే. గుడ్లు కూడా తేవద్దంది మా ఆవిడ.

రాష్ట్రంలో ఇంకా ఒక్క కేసూ లేదు. మాస్కులు మాత్రం కోఠి హోల్‌సేల్‌లో అప్పుడే దొరకడం లేదు.

23 మార్చి 2020, సోమవారం

నిన్న జనతా కర్ఫ్యూ. ప్రధాని పొద్దున 7 నుంచి రాత్రి 9 దాకా అన్నారు, మన ముఖ్యమంత్రి దాన్ని 24 గంటలు చేశారు. సాయంత్రం 5 గంటలకు ఇస్నాపూర్ అంతా పళ్ళాలు మోగాయి. డాక్టర్లకు, నర్సులకు కృతజ్ఞతగా చప్పట్లు కొట్టమన్నారు సరే, నా ఫోన్‌లో ఆ చప్పట్లకు ఇంకో కథ పుట్టింది. అందరూ ఒకేసారి మోగిస్తే ఆ అదురుకు వైరస్ చస్తుందట. దాని తమ్ముడు ఇంకోటి: వైరస్ బయట 12 గంటలే బతుకుతుంది, 14 గంటలు ఇంట్లో కూర్చుంటే గొలుసు తెగిపోతుందట. ఈ రెండోదాంట్లో లెక్క ఉంది కదా, చదువుకున్నవాళ్ళే ఎక్కువ పంపారు. పొద్దున బల్క్ డ్రగ్ కంపెనీలో క్యూసీ చూసే ఆయన వచ్చి, "గొలుసు తెగింది గద సార్, ఇంక మాస్కులు ఎందుకు?" అని అడిగాడు. ఎంఎస్సీ కెమిస్ట్రీ. నిన్న రాత్రే సర్కారు 31 దాకా లాక్‌డౌన్ పెట్టింది. గొలుసు తెగితే లాక్‌డౌన్ ఎందుకని మాత్రం ఆయనకు తట్టలేదు.

ఈ నెల మొదట్లో ముఖ్యమంత్రి అసెంబ్లీలో కరోనాకు పారాసిటమాల్ మాట ఎత్తిన దగ్గర్నుంచి దాని మీద వచ్చినన్ని జోకులు నా సర్వీసులో ఏ గోలీ మీదా రాలేదు. జోకులు నవ్వుకోవడానికి పంపుకున్నారు, స్ట్రిప్పులు మాత్రం నిజంగానే కొనుక్కుపోయారు.

28 మార్చి 2020, శనివారం

ట్రంప్ ట్వీట్ చేసిన హైడ్రాక్సీక్లోరోక్విన్ వారం తిరగకుండా మా కౌంటర్ దగ్గరికొచ్చింది. ఈ బెల్టులో మందుల పేర్లు జనానికి కొత్త కాదు. బొల్లారం, గడ్డపోతారం, బొంతపల్లి, పాశమైలారం ఎక్కడ చూసినా మందుల కంపెనీలే. డ్రమ్ములు దొర్లించే కూలీ నోట కూడా అజిత్రోమైసిన్ తప్పు లేకుండా వస్తుంది. "మా దోస్తు ప్లాంట్ల తయారయ్యే మందే అన్నా, నాకు తెల్వదా?" అని ఒక ఆపరేటర్ నాతో వాదన పెట్టుకున్నాడు. రియాక్టర్ దగ్గర నిలబడ్డవాడికి మందు ఎట్లా తయారవుతుందో తెలుస్తుంది, ఎవరికి పనిచేస్తుందో ఎట్లా తెలుస్తుంది? అయినా అతని వాయిస్ మెసేజ్ నారాయణఖేడ్‌లోని సొంత ఊరికి చేరేసరికి, కంపెనీల పనిచేసే మనోడే చెప్పిండు అనే ముద్ర పడిపోయింది. ఇంకా డాక్టర్ ఎందుకు?

ఐసీఎంఆర్ చెప్పింది ఆరోగ్య సిబ్బందికి, రోగి ఇంట్లో ఉన్నవాళ్ళకు మాత్రమే. ఆ మాత్రమే అన్న ముక్క ఫార్వర్డుల్లో ఎక్కడో రాలిపోయింది. మొన్న 26న కేంద్రం ఈ మందును షెడ్యూల్ హెచ్1లో చేర్చింది. చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇచ్చిన ప్రతిదీ రిజిస్టర్‌లో రాయాలి.

సాయంత్రం రుద్రారం నుంచి ఒకావిడ స్కూటీ మీద వచ్చింది. లూపస్ పేషెంటు. ఏళ్ళుగా ఈ మందు నా దగ్గరే తీసుకుంటుంది. ప్లాస్టిక్ కవర్‌లో మడిచిన చీటీని హైవే మీద పోలీసులకు చూపించుకుంటూ వచ్చింది. కవర్‌తో పాటు స్ట్రిప్ కౌంటర్ మీద పెట్టింది, ఒక మూలన ఒకే గోలీ మిగిలి ఉంది. "సంగారెడ్డి దాకా తిరిగొచ్చిన అన్నా. ఎక్కడా లేదంటున్నరు. ఆ ట్రంప్‌కు నా మందే దొరికిందా?" అంది. ఆమె పేరు రాసి లోపల పెట్టిన స్ట్రిప్పులు ఇచ్చాను. మళ్ళీ ఎప్పుడు వస్తుందో స్టాకిస్ట్ చెప్పడం లేదు.

4 ఏప్రిల్ 2020, శనివారం

30న రాష్ట్ర ప్రభుత్వం, ఢిల్లీ మర్కజ్‌లో మతసభకు వెళ్ళొచ్చినవాళ్ళలో ఆరుగురు చనిపోయారని ప్రకటించింది. వెళ్ళొచ్చినవాళ్ళు ముందుకొచ్చి చెప్పాలి, పరీక్ష, వైద్యం ఉచితం అని కూడా అదే ప్రకటనలో ఉంది. గ్రూపుల్లో మొదటి సగమే తిరిగింది. వెనకే పండ్లకు ఉమ్ము రాస్తున్న వీడియో వచ్చింది. పాత వీడియో అని ఫ్యాక్ట్‌చెక్ చేసేవాళ్ళు మొత్తుకుంటున్నారు.

మా చౌరస్తాలో అరటిపండ్ల బండి పెట్టే చాచా ఈ వారం రాలేదు. బీపీ గోలీలకు మనవణ్ణి పంపాడు. ఆ పిలగాడు దూరంగా నిలబడి, "తాత ఇంట్లనే ఉన్నడు. మాకు దగ్గు లేదు" అన్నాడు. నేనేమీ అడగలేదు. అడగకముందే ఆ జవాబు చెప్పుకోవాల్సిన ఇంట్లో రేపు నిజంగా దగ్గు వస్తే బయటికి చెప్తారా?

8 ఏప్రిల్ 2020, బుధవారం

నిన్నటి నుంచి వాట్సాప్‌లో కొత్త నియమం. ఐదు చేతులు దాటి వచ్చిన మెసేజ్‌ను ఇక ఒకసారికి ఒక్కరికే పంపగలం. అట్లాంటి వాటి మీద రెండు బాణాల గుర్తు ఉంటుంది. మా షాపు పిలగాడు పొద్దునే ఉపాయం కనిపెట్టాడు: కాపీ చేసి కొత్తగా అతికిస్తే బాణాలు మాయం. "నేనే రాసినట్టు ఉంటది గదన్నా" అని సంబరం కూడా.

మొన్న కేటీఆర్ సర్కారు వాట్సాప్ చాట్‌బాట్ మొదలుపెట్టారు. హాయ్ అని కొడితే మెనూ వస్తుంది, నంబర్ నొక్కితే సమాచారం వస్తుంది. ఫ్యాక్ట్‌చెక్ వెబ్‌సైట్ కూడా పెట్టారు. రెండూ చూశాను, తప్పుపట్టేదేం లేదు. నాకూ నా కూతురికీ పనికొస్తాయి. షాపు వెనక లేబర్ రూముల సంగతి వేరు. గదికి ఏడెనిమిది మంది, మధ్యలో ఒకటో రెండో స్మార్ట్‌ఫోన్లు. వాళ్ళకు వాట్సాప్ అంటే ఆ మైక్ బొమ్మే. నొక్కిపట్టి మాట్లాడతారు, చెవి దగ్గర పెట్టుకుని వింటారు. సర్కారు సర్క్యులర్ పీడీఎఫ్‌గా వస్తుంది. స్కాన్ చేసిన కాగితం పక్కకు వంగి, కింద పచ్చసిరా సంతకంతో ఉంటుంది. దాన్ని తెరవడానికి డేటా, చదవడానికి ఇంగ్లిష్, అర్థం కావడానికి ఒక గుమాస్తా కావాలి.

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ పుకార్లు రేగినప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరికొక పోలీసును అప్పజెప్పి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, ఫోన్‌లో వచ్చిందల్లా నమ్మొద్దని చెప్పించింది. ఫోన్‌లో పుట్టిన పుకారును మనిషిని పంపి ఆర్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్ కూడా ఫిబ్రవరిలో మ్యూనిక్ సభలో, మనం పోరాడుతున్నది రోగంతోనే కాదు, తప్పుడు సమాచారపు మహమ్మారితో కూడా అన్నాడు. ఆ సభలో వైఫై ఉండి ఉంటుంది. ఇక్కడ డప్పే కావాలి.

21 ఏప్రిల్ 2020, మంగళవారం

జ్వరం, దగ్గు, జలుబు మందులు కొనేవాళ్ళ పేరు, ఫోన్ నంబర్, చిరునామా రాసుకోమని మెడికల్ షాపులకు సర్కారు ఆదేశం. ఉద్దేశం మంచిదే, జ్వరం ఉన్నవాళ్ళను ముందే గుర్తుపట్టొచ్చు. కానీ ఉద్దేశం రూముల దాకా చేరలేదు. అంతకుముందే ఇంకోటి చేరింది: షాపులో పేరు ఇస్తే అంబులెన్స్ వస్తుంది, మొత్తం గల్లీని గాంధీ దవాఖానకు పట్టుకపోతారు.

రిజిస్టర్‌లో జ్వరం పేర్లు పట్టుమని పది లేవు. పారాసిటమాల్ అమ్మకం తగ్గలేదు. ఒకాయనకు పంటినొప్పి, ఇంకొకాయనకు నడుంనొప్పి. చౌరస్తాలో ఇంతమందికి ఒకేసారి పళ్ళు నొచ్చిన కాలం నేను చూడలేదు.

లిస్టు కోసం ఆశా అక్క వచ్చింది. ముగ్గుపిండితో గీసిన గుండ్రంలో నిలబడే సంగతంతా విన్నది. చీర కొంగు మీద మాస్క్, చంకలో రిజిస్టర్, ఎండకు మొహం కందిపోయింది. ఏం రాస్తే బాగుంటుందా అని నేను కాగితం తీశాను. ఆమె ఫోన్ తీసి మైక్ నొక్కింది.

"నేను మీ ఆశా అక్కను మాట్లాడుతున్న. ఇయ్యాల ఏప్రిల్ 21, మంగళవారం. మెడికల్ షాపుల పేర్లు రాసేది నాకియ్యనీకే. మీ ఇంటికొచ్చేది అంబులెన్స్ గాదు, నేను. జరం ఉంటే చూస్త, తగ్గకపోతే దవాఖానకు తోల్కపోత, నేను గూడ వస్త. ఏమన్న అనుమానముంటే ఇదే నంబరుకు ఫోన్ చెయ్యున్రి."

నిమిషం కూడా పట్టలేదు. పక్క గుండ్రంలో నిలబడ్డ గంజాం జిల్లా పిలగాడు, "అక్కా, నేను ఒడియాలో చెప్పనా? హిందీలోనూ చెప్తాను" అన్నాడు. బరంపురం దగ్గరివాడు, తెలుగు వాళ్ళ యాసలో వస్తుంది. షీట్ మెటల్ యూనిట్‌లో హెల్పర్. అక్కడే నిలబడి రెండు భాషల్లోనూ చెప్పాడు, చివర్లో తన గది ఎక్కడో కూడా చెప్పాడు.

24 ఏప్రిల్ 2020, శుక్రవారం

ఆశా అక్కకు రాత్రి పదకొండు దాకా ఫోన్లేనట. వాళ్ళాయన గులుగుతున్నాడట. సగం మంది అడిగేది జ్వరం గురించి కానే కాదు. బియ్యం ఎక్కడిస్తారు, ఓనరు కిరాయి అడుగుతున్నాడు, ఊరికి ఎప్పుడు పంపుతారు. ఆమె బియ్యం మాట తెలిసినంత చెప్తుంది, ఊరి మాట తెలియదంటుంది. తెలియదని చెప్పినా మళ్ళీ ఆమెకే చేస్తున్నారు.

రిజిస్టర్‌లో నిజమైన పేర్లు కనబడుతున్నాయి. పంటినొప్పులు తగ్గాయి.

30 ఏప్రిల్ 2020, గురువారం

నిన్న కందిలో రాళ్ళు పడ్డాయి. ఐఐటీ హైదరాబాద్ కట్టడాల్లో పనిచేసే వలస కూలీలు, రెండు వేల పైచిలుకు మంది ఉన్న క్యాంపు, మమ్మల్ని ఊరికి పంపండని రోడ్డెక్కారు. పోలీసులకు దెబ్బలు తగిలాయి, బండి అద్దాలు పగిలాయి. జీతం మాట కూడా వినిపిస్తోంది. ఇస్నాపూర్‌కూ కందికీ మధ్య దూరమెంత, వీడియోలు పది నిమిషాల్లో మా రూముల్లో ఉన్నాయి. మధ్యాహ్నానికి ఆ వీడియోకు మాటలు కూడా అతికాయి: క్యాంపులో కరోనాతో చనిపోతే దాస్తున్నారని. వాళ్ళు అడిగింది రైలు, పుకారు చెప్పింది శవాలు.

నెల రోజులు వాళ్ళది ఒకటే ప్రశ్న. ఎప్పుడు పంపుతారు? జవాబు చెప్పే నంబర్ ఏ పోస్టర్ మీదా లేదు. చేతులు కడగడానికి ఏడు అంచెల బొమ్మలు మాత్రం గోడ నిండా ఉన్నాయి. వలస కూలీలు సొంత రాష్ట్రాలకు పోవచ్చని కేంద్ర హోంశాఖ ఉత్తర్వు వచ్చింది కూడా నిన్ననే.

2 మే 2020, శనివారం

నిన్న తెల్లవారుజామున 4:50కి లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు రైలు పోయింది. 24 బోగీలు, బోగీకి 72 మంది బదులు 54 మంది, మొత్తం 1,200 మంది దాకా. లాక్‌డౌన్ మొదలయ్యాక వలస కూలీల కోసం దేశంలో కదిలిన మొదటి రైలు అది. ఎక్కింది కంది క్యాంపువాళ్ళే. రాత్రికి రాత్రి బస్సుల్లో తెచ్చి ఎక్కించారు. కదిలేదాకా బయటికి పొక్కనివ్వలేదు. పొక్కితే లింగంపల్లి స్టేషన్ ఏమయ్యేదో ఊహించగలను కాబట్టి అధికారులను తప్పుపట్టలేను.

కానీ ఇవాళ పొద్దుటి నుంచి ఆ గోప్యతకు బిల్లు మా గల్లీ కడుతోంది. రైలు చెప్పకుండా వస్తుందని జనానికి అర్థమైంది, దాంతో చెప్పకుండా వచ్చే ప్రతి కబురూ నిజమే అయి కూర్చుంది. ఈ రాత్రి పట్నాకు, రేపు భువనేశ్వర్‌కు అంటూ మెసేజ్‌లు. ఒకదాంట్లో ఆధార్ ఫొటో పంపి డబ్బు కట్టమని ఫోన్ నంబర్. గంజాం పిలగాడు డబ్బు కట్టబోతూ నా దగ్గరికొచ్చాడు, వాడి అదృష్టం. అసలు నమోదు పోలీస్ స్టేషన్‌లో, పైసా అక్కర్లేదు. అది వాడి గొంతుతోనే చెప్పించాం, తేదీతో సహా.

8 మే 2020, శుక్రవారం

విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో నిన్న తెల్లవారుజామున స్టైరీన్ గ్యాస్ లీకైంది. నడుస్తూ నడుస్తూ కుప్పకూలిన మనుషుల వీడియోలు ఇక్కడ నిద్ర పట్టనివ్వలేదు. రాత్రి అక్కడ రెండోసారి లీకైందని పుకారు లేచి జనం చీకట్లో ఊళ్ళు ఖాళీ చేశారట. అర్ధరాత్రి మా వీధిలో కూడా తలుపులు తెరుచుకున్నాయి. ఏదో వాసన వస్తోందని. వచ్చింది నిజమే, ఈ బెల్టులో వాసన రాని రాత్రి ఎప్పుడు?

పుకారును జనం ఎందుకు నమ్ముతారని హైదరాబాద్ నుంచి మా తమ్ముడు విసుక్కుంటాడు. వాడు ఇక్కడ పెరగలేదు. నక్కవాగు రంగు మారినప్పుడు ఏం లేదన్నారు, బోరునీళ్ళు నురగ కక్కినప్పుడు ఏం లేదన్నారు. పటాన్‌చెరు డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్ళు దశాబ్దాల పాటు మొత్తుకున్నారు, కేసు 1990లో సుప్రీంకోర్టు దాకా పోయింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు శుద్ధి కేంద్రం శుభ్రం చేసి వదిలిన నీళ్ళలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని రాశారు. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే దానికంటే ఎక్కువ. ఏం లేదు అన్న మాట ఇన్నేళ్ళు విన్నవాళ్ళకు ఆఫీసు నుంచి వచ్చే ఏ ధైర్యమైనా ముందు అనుమానంగానే వినబడుతుంది. తప్పు వాట్సాప్‌దే అనడం తేలిక.

29 జూన్ 2020, సోమవారం

హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రి మంచం మీద నుంచి ఒక యువకుడు తండ్రికి పంపుకున్న సెల్ఫీ వీడియో నిన్నటి నుంచి తిరుగుతోంది. ఊపిరి ఆడటం లేదని, అడిగినా పట్టించుకోవడం లేదని చెప్పి, వీడ్కోలు చెప్పాడు. చనిపోయాడు. ఆసుపత్రి వాళ్ళు నిర్లక్ష్యం లేదంటున్నారు. నేను రెండోసారి చూడలేకపోయాను.

ఇది పుకారు కాదు, కొడుకు తండ్రికి చెప్పుకున్న మాట. దీనికి ఫ్యాక్ట్‌చెక్ ఏముంటుంది? ఇవాళ ముగ్గురు నలుగురు అడిగారు, ఇంట్లో పెట్టుకునే ఆక్సిజన్ సిలిండర్ ఎక్కడ దొరుకుతుందని. దవాఖానకు పోం అని ముందే తీర్మానించుకున్నవాళ్ళు వాళ్ళు. పేషెంట్ లోపలికి పోయాక ఇంటివాళ్ళకు రోజుకొక్కసారి ఎవరో ఒకరు ఫోన్ చేసి, ఇవాళ ఇట్లా ఉన్నాడు అని చెప్పే ఏర్పాటు ఉంటే ఎంత భయం తగ్గేది! చాట్‌బాట్ కంటే ముందు కావాల్సింది అది.

25 ఏప్రిల్ 2021, ఆదివారం

నెలలుగా ఈ పుస్తకం ముట్టలేదు. రాయడానికి ఏముంది, అందరూ అయిపోయిందనుకున్నాం.

ఇప్పుడు కౌంటర్ ముందుకొచ్చేవాళ్ళు నోరు తెరవరు, ఫోన్ చూపిస్తారు. తెర మీద మందుల చీటీ ఫొటో ఉంటుంది. పది మందికి పది చీటీలు కాదు, అందరి దగ్గరా అదే చీటీ. డాక్టర్ పేరున్న పైభాగం కత్తిరించారు. పేషెంట్ పేరు మీద నల్లగీత, పక్కన వయసు మాత్రం మిగిలింది: 34, మగ. కింద అజిత్రోమైసిన్ 500, డాక్సీ 100, ఐవర్‌మెక్టిన్ 12, జింక్, విటమిన్ సి, ఆఖరున మెడ్రాల్ 16. ఎవరో ఒక డాక్టర్, ఎవరో ఒక 34 ఏళ్ళవాడిని చూసి, ఏ రోజునో రాసిన చీటీ. ఇవాళ ముత్తంగి నుంచి వచ్చిన కుర్రాడు దాన్ని వాళ్ళమ్మకు అడిగాడు.

"అమ్మకు ఎన్నేండ్లు?"

"అరవై దాటినయి."

"షుగర్ ఉందా?"

"ఉంది. గోలీలు ఏస్కుంటది."

మెడ్రాల్ స్టెరాయిడ్. షుగర్ ఉన్నవాళ్ళకు డాక్టర్ చూడకుండా ఇస్తే షుగర్ ఎక్కడికో పోతుంది. జ్వరం మొదలైన రెండో రోజే దాంతో పనిలేదు కూడా. పల్స్ ఆక్సీమీటర్ చేతిలో పెట్టి, ఆరోగ్య కేంద్రంలో టెస్టు చేయించి డాక్టర్‌కు చూపించమన్నాను. పారాసిటమాల్ ఇచ్చాను. "మా గ్రూపుల అందరు గిదే వాడిన్రు, మంచిగైన్రు" అన్నాడు. మంచిగ కానివాళ్ళు గ్రూపులో పోస్ట్ పెట్టరు కదా అనబోయి మింగాను. ఇంకో షాపుకు పోయాడో, దవాఖానకే పోయాడో తెలియదు.

రెమ్‌డెసివిర్ గోల వేరే. దేశంలో దాన్ని తయారు చేస్తున్న కంపెనీల్లో మన హైదరాబాద్ హెటెరో ఒకటి, నిరుడు జూన్‌లో కోవిఫర్ పేరుతో 5,400కు తెచ్చింది, ఈ నెల 3,490కి తగ్గింది. అది ధర. దొరికే రేటు వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నవంబర్‌లోనే ఈ మందు సిఫారసు చేయలేమంది, ఆ కబురు ఒక్క గ్రూపులోనూ చూడలేదు. వద్దు అనే మాటకు ఫార్వర్డ్ గిరాకీ ఉండదు.

రాత్రి చిట్కుల్ వెల్డర్ ఒకాయనకు ఆక్సిజన్ మంచం కోసం నేనూ మా అమ్మాయీ చెరో ఫోన్ పట్టుకుని కూర్చున్నాం. లిస్టుల మీద లిస్టులు. ప్రతిదాని మీద వెరిఫైడ్ అని ఉంది, ఎప్పుడు వెరిఫై చేశారో లేదు. కొన్ని స్విచాఫ్. ఒక నంబర్‌కు ఒక ఆడమనిషి ఎత్తింది. సిలిండర్ ఉందా అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. "మేము గూడ అడిగినోళ్ళమే అన్నా. మా నాయిన పోయిండు, మూడు దినాలైంది. మా నంబరు ఇచ్చేదాంట్ల ఎట్ల కలిసిందో. జర తీసెయ్యమని చెప్పున్రి." కావాలని పెట్టిన పోస్టే చేతులు మారి ఉంది అనే లిస్టులో చేరింది. ఎవరికి చెప్పాలి తీసెయ్యమని? దాన్ని తయారు చేసిందెవరో ఎవరికీ తెలియదు.

చివరికి దారి పాతదే. ఆశా అక్క ఏఎన్ఎం సిస్టర్‌కు, సిస్టర్ పీహెచ్‌సీ డాక్టర్‌కు, డాక్టర్ జిల్లా ఆసుపత్రిలో తనకు తెలిసిన ఒకాయనకు. అర్ధరాత్రి దాటాక మంచం దొరికింది. ఆ డాక్టర్‌కు ఎవరూ తెలియకపోతే?

1 మే 2021, శనివారం

ఆక్సిజన్, మంచాలు కావాలని సోషల్ మీడియాలో అడిగేవాళ్ళ మీద కేసులు పెడితే కోర్టు ధిక్కారంగా చూస్తామని సుప్రీంకోర్టులో జస్టిస్ చంద్రచూడ్ ధర్మాసనం నిన్న చెప్పింది. మంచి మాట. లిస్టులతో ఎంత చిరాకు పడ్డా, అవే లేకపోతే మొన్న రాత్రి మాకు ఫోన్ చేయడానికి నంబర్లే ఉండేవి కావు.

22 మే 2021, శనివారం

బ్లాక్ ఫంగస్‌ను రాష్ట్ర ప్రభుత్వం మొన్న నోటిఫై చేసింది. కేసులు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి పంపుతున్నారు. షుగర్, స్టెరాయిడ్ కలిసిన చోట ఎక్కువ అంటున్నారు. ముత్తంగి కుర్రాడి వాళ్ళమ్మ గుర్తొచ్చింది.

ఇంటింటి జ్వరం సర్వే మొదలయ్యాక ఆశా అక్క కిట్లు పంచుతోంది. కిట్‌లో గోలీలు ఎప్పుడు వేసుకోవాలో కాగితం ఉన్నా, ఆమె ప్రతి ఇంటి ముందూ తన గొంతుతో రికార్డ్ చేసి ఆ ఇంటి ఫోన్‌కే పంపుతోంది. ఆ మెసేజ్ ఇంకో ఇంటికి పనికిరాదు. అందులో ఆ ఇంటాయన పేరు, ఆయన షుగర్ సంగతి, మళ్ళీ ఎప్పుడు వస్తానో ఉంటాయి.

1 జూన్ 2021, మంగళవారం

కరోనాకని కృష్ణపట్నం ఆనందయ్య ఇచ్చే నాటుమందుకు ఆంధ్ర సర్కారు నిన్న అనుమతి ఇచ్చింది, కంటి చుక్కలు తప్ప. ఆ కంటి చుక్కలతోనే ఊపిరి వచ్చిందని వీడియోలో చెప్పి దేశమంతా తెలిసిన రిటైర్డ్ హెడ్‌మాస్టర్ నెల్లూరు ఆసుపత్రిలో చనిపోయాడని కూడా నిన్ననే వార్త. లేచి కూర్చున్న వీడియో మా గ్రూపులన్నిటిలో వచ్చింది. చనిపోయిన వార్త ఒక్కదాంట్లోనే చూశాను, అది కూడా నేనే పెట్టాను. "నెగెటివ్ న్యూస్ వద్దు అన్నా" అని అడ్మిన్ మెత్తగా చెప్పాడు.

18 ఆగస్టు 2021, బుధవారం

టీకా గొడవ రెండో డోసు దగ్గరికి వచ్చింది. కోవిషీల్డ్ రెండింటి మధ్య ఎడం మొదట నాలుగు నుంచి ఆరు వారాలు, మార్చిలో ఆరు నుంచి ఎనిమిది, మే 13న పన్నెండు నుంచి పదహారు వారాలు అయింది. మూడు మెసేజ్‌లూ ఇంకా బతికే ఉన్నాయి. మొదటిది పట్టుకుని సగం రోజు కూలి వదులుకుని వచ్చినవాళ్ళు కేంద్రం దగ్గర్నుంచి తిరిగిపోతున్నారు. గంజాం పిలగాడు కూడా అట్లాగే తిరిగొచ్చి నా మీద కోప్పడ్డాడు, నేనే ఆపినట్టు.

షాపు ముందు నల్లబోర్డు పెట్టి తెలుగులో, హిందీలో రాశాను: కోవిషీల్డ్ రెండో డోసు 84 రోజుల తర్వాతే. పైన తేదీ, కింద నా పేరు, నంబర్. వాడు దాన్ని ఫొటో తీసి రూముల గ్రూపుల్లో పెట్టాడు. సాయంత్రానికి ఆ ఫొటో సదాశివపేట నుంచి మా చిన్నబావ ద్వారా నాకే తిరిగొచ్చింది, రెండు బాణాలతో. పైన తేదీ లేదు, కింద పేరు లేదు, మధ్యలో వాక్యం మాత్రం ఉంది. రేపు ఆ లెక్క మళ్ళీ మారిందంటే ఈ బోర్డు కూడా నాలుగో పాత మెసేజ్ అయిపోతుంది.

పొద్దున తుడిచి మళ్ళీ రాయాలి. ఈసారి తేదీని వాక్యం మధ్యలో పెడతాను.